యూకేలో పోయినవారి నగలకు, ఇంటి సామానుకు ప్రొబేట్ కోసం విలువ కట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో పెద్దవాళ్లు కన్నుమూశాక పిల్లలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ప్రొబేట్ అంటే పోయినవారి ఆస్తిని చక్కబెట్టే అధికారాన్ని కోర్టు నుంచి తీసుకోవడం. ఇంటి ధర ఎస్టేట్ ఏజెంటో సర్వేయరో చెబుతారు, బ్యాంకు నిల్వ బ్యాంకే రాసిస్తుంది. మరి బీరువాలోని నగలకు, పూజగదిలోని వెండికి, హాల్లోని సోఫాకు ఎంత రాయాలి? కొందరు ఇన్సూరెన్స్ కాగితంలో ఉన్న అంకె ఎత్తి రాసి, కట్టనక్కర్లేని పన్ను కడతారు. ఇంకొందరు "పాత సామానేగా" అని సున్నా పెట్టి, హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటారు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఇంగ్లండ్, వేల్స్‌లకు. స్కాట్లండ్‌లో ప్రొబేట్‌ను కన్ఫర్మేషన్ అంటారు, ఫారాలు వేరు. విలువ కట్టే సూత్రం మాత్రం అదే.

ఆ సూత్రం 1984 ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ (వారసత్వ పన్ను, క్లుప్తంగా ఐహెచ్‌టీ) చట్టం 160వ సెక్షన్‌లో ఉంది: మరణానికి సరిగ్గా ముందు ఆ వస్తువును బహిరంగ మార్కెట్లో అమ్మి ఉంటే ఎంత పలికేదో అదే విలువ. కొన్న ధర, మజూరీ, తరుగు, కొత్తది కొనాలంటే అయ్యే ఖర్చు, నానమ్మ జ్ఞాపకం... ఇవేవీ లెక్కలోకి రావు.

పన్ను పరిమితులు క్లుప్తంగా: 3 లక్షల 25 వేల పౌండ్ల దాకా పన్ను లేదు. సొంత ఇల్లు పిల్లలకో మనవలకో వెళ్తే ఇంకో 1 లక్షా 75 వేల వరకు కలుస్తుంది (ఆస్తి మొత్తం 20 లక్షలు దాటితే ఇది తగ్గుతూ పోతుంది). ముందే పోయిన భర్త లేదా భార్య వాడుకోని పరిమితి కూడా తోడవుతుంది. ఆపైన ఉన్నదానిమీద 40 శాతం. పన్ను పడదని తెలిసినా విలువ కట్టాల్సిందే, ఎందుకంటే ప్రొబేట్ దరఖాస్తులో ఆస్తి మొత్తం విలువ, అప్పులు పోగా మిగిలిన విలువ రెండూ అడుగుతారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మరణ ధ్రువపత్రం, వీలునామా నకలు
- ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ, అందులో విడిగా చూపిన వస్తువుల జాబితా
- నగల పాత బిల్లులు (ఇండియా బిల్లుల్లో గ్రాస్, స్టోన్, నెట్ తూకాలు విడివిడిగా ఉంటాయి, పారేయకండి)
- 0.1 గ్రాము వరకు చూపే చిన్న కాటా. వంటింటి కాటా పనికిరాదు
- ఫొటోలకు ఫోను, గదులవారీగా రాయడానికి ఒక స్ప్రెడ్‌షీట్
- పెళ్లిళ్ల ఫొటోలు. ఏ నగ ఎవరిదో తేల్చడానికి వీటికి మించిన సాక్ష్యం దొరకదు

1. ఏదీ కదలకముందే ఫొటోలు తీయండి

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. కర్మలు అయ్యేలోపే ఆడపడుచులకు, కోడళ్లకు నగలు పంచేస్తారు. కొన్ని ఇండియా వెళ్లే బంధువుల చేతిలో పడతాయి. పంపకం తప్పని ఎవరూ అనరు. కానీ జాబితా, తూకం, ఫొటో లేకుండా ఇచ్చేస్తే రేపు లెక్క అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎగ్జిక్యూటరే (వీలునామాను అమలు చేసే వ్యక్తి), అదీ సొంత బాధ్యత మీద. "లిస్టు రాసేదాకా ఏదీ బయటికి వెళ్లదు" అని మొదటి రోజే అందరికీ చెప్పండి.

ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి, ప్రతి అల్మరా తెరిచి ఫొటో తీయండి. బియ్యం డబ్బా, దేవుడి పటాల వెనక, పట్టుచీరల మడతలు, సూట్‌కేసుల లోపలి జేబులు, పాత హ్యాండ్‌బ్యాగులు తప్పకుండా చూడండి. ఛారిటీ షాపుకు సంచులు పంపేది ఆ తర్వాతే.

ఇల్లు ఖాళీగా ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలియజేయండి. చాలా పాలసీల్లో 30 రోజులకు మించి ఎవరూ లేని ఇంటికి రక్షణ తగ్గిపోతుంది. నగలను ఇంట్లో వదలకండి.

2. ఏది ఎవరిదో తేల్చండి

భర్త పోతే భార్య ఒంటిమీది నగలు ఆయన ఆస్తిలోకి రావు, అవి ఆవిడవే. పుట్టింటివారు పెట్టినవి, పెళ్లిలో వచ్చినవి, పుట్టినరోజులకు ఆయనే కొనిచ్చినవి అన్నీ ఈ లెక్కే. పెట్టుబడిగా కొని ఆయన పేరిట ఉంచిన బంగారు బిస్కెట్లు, నాణేలు మాత్రం ఆయన లెక్కలోకే వస్తాయి.

దంపతులు కలిసి కొన్న సోఫాలు, టీవీ, మంచాల్లో మామూలుగా సగం విలువ చూపితే చాలు. భార్యాభర్తల మధ్య ఉమ్మడి వాటా కాబట్టి "సగం వాటా ఎవరు కొంటారు" అంటూ ఇంకా తగ్గించడానికి వీల్లేదు.

ఇక తగాదాలు తెచ్చే రకం ఒకటుంది. "వడ్డాణం కూతురికి ఎప్పుడో ఇచ్చేశాను" అని అమ్మ అనేది. కానీ అది ఆవిడ లాకర్లోనే ఉంది, పండగకీ పెళ్లికీ ఆవిడే పెట్టుకుంది. హెచ్‌ఎంఆర్‌సీ దృష్టిలో అది ఇచ్చినట్టు కాదు. ఇచ్చిన వస్తువును తానే అనుభవిస్తూ ఉంటే, ఎన్నేళ్లు గడిచినా మరణం నాటి విలువతో ఆస్తిలో కలుపుతారు. నిజంగా చేతికిచ్చి వదిలేసినవైతే, మరణానికి ముందు 7 ఏళ్లలో ఇచ్చినవాటిని మాత్రం ఐహెచ్‌టీ 403 ఫారంలో చూపాలి. ఏడాదికి 3 వేల పౌండ్ల మినహాయింపు, పెళ్లికి తల్లి లేదా తండ్రి ఇచ్చినదానికి 5 వేలు, తాతలు ఇచ్చినదానికి 2,500 మినహాయింపు ఉన్నాయి.

3. మూడు కుప్పలు చేయండి

మొదటిది: మామూలు సామాను. రెండోది: ఒక్కొక్కటి 1,500 పౌండ్లు దాటవచ్చనిపించే నగలు, వాచీలు, పెయింటింగులు. వీటికి నిపుణుడి వాల్యుయేషన్ ఉండాలి, ఇంటి సామాను ఫారం ఐహెచ్‌టీ 407లో ఒక్కొక్కటిగా రాయాలి. ఈ హద్దు ఒకప్పుడు 500 ఉండేది, అందుకే పాత గైడ్లలో ఆ అంకె కనిపిస్తుంది. మీరు నింపుతున్న ఫారం మీదున్న అంకెనే పాటించండి. మూడోది: విలువ తెలియనివి. పాత విగ్రహాలు, నాణేలు, రాళ్ల నగలు. అనుమానం ఉన్నదాన్ని మొదటి కుప్పలో వేయకండి.

4. మామూలు సామాను

ఇక్కడ కాలం వృథా చేయకండి. వాడిన ఫర్నిచర్, టీవీ, వాషింగ్ మెషీన్, గిన్నెలు, బట్టలు సెకండ్ హ్యాండ్‌లో పలికేది చాలా తక్కువ. 2 వేలు పెట్టి కొన్న సోఫాకు 50 కూడా రాకపోవచ్చు, అదే దాని విలువ. ఈబేలో అలాంటి వస్తువులు ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. "సోల్డ్ ఐటమ్స్" అని ఎంచుకుని వెతకాలి. అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధర ఎంతైనా ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చూసిన పేజీల స్క్రీన్‌షాట్లు దాచండి.

గదికో మొత్తం రాసి, చివర కలపండి. నాలుగు గదుల ఇంటికి సున్నా రాస్తే కారణం చెప్పమంటారు. అన్ని గదులకూ 500, 500 అని గుండ్రటి అంకెలు వేసినా, చూడకుండా వేశారని ఇట్టే తెలిసిపోతుంది. "ఈ అంకెకు ఎలా వచ్చారు" అని ఫారంలోనే అడుగుతారు. "గదులవారీగా, ఈబే అమ్మకాల ధరలతో పోల్చి" అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఇల్లు ఖాళీ చేసే కంపెనీకి ఇచ్చిన డబ్బు, వేలం కమీషను, వాల్యుయర్ ఫీజు సామాను విలువలోంచి తీసేయకూడదు. అంత్యక్రియల ఖర్చు మాత్రం సమంజసమైన మేరకు ఆస్తిలోంచి తగ్గుతుంది.

5. బంగారం

మన ఇళ్లలో ఇల్లు తర్వాత పెద్ద అంకె ఇదే. మీ ఓపికంతా ఇక్కడ పెట్టండి.

మొదట కాటాను పరీక్షించండి. పన్నెండు మూలల పౌండు నాణెం తూకం 8.75 గ్రాములు, నాలుగు పెడితే 35 చూపాలి. తేడా ఉంటే ఆ కాటా వాడకండి.

ఒక్కో నగకు ఒక వరుస: పేరు (కాసులపేరు, హారం, వడ్డాణం, గాజులు జత), మొత్తం తూకం, ముద్ర, రాళ్లు ఏవి, ఫొటో నంబరు. ముద్ర దగ్గర 916 అని ఉంటే 22 క్యారెట్లు, 750 అయితే 18. ఇటీవలి ఇండియా నగల మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆ నగకే చెందిన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య ఉంటాయి. ముద్ర లేని పాత నగలను, ఊరి కంసాలి చేసినవాటిని, "మేలిమి బంగారమే" అని ఇంట్లో చెప్పుకున్నంత మాత్రాన 22 అని రాయకండి. పరీక్ష చేయించండి. వెంబ్లీ ఈలింగ్ రోడ్, సౌతాల్, గ్రీన్ స్ట్రీట్, లెస్టర్‌లోని బెల్‌గ్రేవ్ రోడ్ ప్రాంతాల్లోని మన నగల దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రం పెట్టుకున్నవాళ్లు దొరుకుతారు. ఆ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది కాబట్టి ఒకటికి మూడు చోట్ల పెట్టించండి.

తర్వాత నికర తూకం. కుందన్ పనిలో, పాత గుట్టపూసల నగల్లో లోపల లక్క ఉంటుంది. నల్లపూసల దండలో పూసల బరువు ఉంటుంది. మొత్తం తూకాన్నే బంగారమనుకుంటే విలువ బాగా పెరిగిపోతుంది. పాత బిల్లుంటే నెట్ తూకం అందులో దొరుకుతుంది. లేకపోతే వాల్యుయర్ అంచనా వేయాలి, విరగ్గొట్టి చూడక్కర్లేదు.

ఇంట్లోని పాత లెక్కల పుస్తకాన్ని నమ్ముకునేవారికి ఒక హెచ్చరిక. కాసు, సవర అంటే 8 గ్రాములు. తులం పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పటి బజారు మాటలో 10 గ్రాములు. ఏ కాలంలో రాసిన తులమో తెలియదు కనుక మళ్లీ తూచండి.

ధర ఏ రోజుది? మరణించిన రోజుది. లండన్ బులియన్ మార్కెట్ పనిదినాల్లో రోజుకు రెండుసార్లు బంగారం ధర ప్రకటిస్తుంది. అది ట్రాయ్ ఔన్సుకు కాబట్టి 31.1035తో భాగిస్తే గ్రాము ధర వస్తుంది. మరణం ఆదివారం అయితే దగ్గరి పనిదినం ధర తీసుకుని, ఆ సంగతి రాసిపెట్టండి.

ఉదాహరణకు హారం మొత్తం 64 గ్రాములు, రాళ్లు, లక్క కలిపి 9 గ్రాములు. నికరం 55. 22 క్యారెట్లు కాబట్టి 0.916తో గుణిస్తే 50.38 గ్రాముల మేలిమి. ఆ రోజు గ్రాము 80 పౌండ్లు అనుకుందాం: సుమారు 4,030 పౌండ్లు. లోహం విలువ ఇది. పాత బంగారం కొనేవాళ్లు ఇంతకంటే కొంత తక్కువే ఇస్తారు.

ఈ లెక్కను ఫారంలో ఎక్కించడానికి వాడకండి. వాల్యుయర్ చెప్పిన అంకె నిజమో కాదో తేల్చుకోవడానికి వాడండి. ఆయన అంకె లోహం విలువకు దగ్గరగా ఉంటే సరే. మంచి రాళ్లు లేని నగకు దానికి ఒకటిన్నర రెట్లు రాశాడంటే ఇన్సూరెన్స్ వాల్యుయేషన్ ఇచ్చినట్టే, వెనక్కి పంపండి. సగమే రాశాడంటే 22 క్యారెట్ల నగను 9 క్యారెట్లుగా చూశాడేమో అడగండి. ఇంగ్లిషు దుకాణాల్లో 9 క్యారెట్లు మామూలు, మన పసుపు రంగు బంగారం వాళ్లకు గిల్టులా కనిపించడం కొత్తేమీ కాదు. బ్రిటిష్ హాల్‌మార్క్ లేని నగను వేలంశాలలు "ఎల్లో మెటల్" అని రాస్తాయి. చట్టం అలా రాయమంటుంది, అది బంగారం కాదని అర్థం కాదు.

కాసులపేరులో అచ్చు వేసిన పలుచటి బిళ్లలుంటాయా, నిజమైన బ్రిటిష్ సావరిన్లుంటాయా చూడండి. సావరిన్ తూకం 7.98 గ్రాములు, అందులో మేలిమి 7.32. కొన్ని సంవత్సరాల నాణేలకు సేకరించేవాళ్లు బంగారం ధరకంటే ఎక్కువ ఇస్తారు. సంవత్సరం, టంకశాల గుర్తు రెండూ ఫొటో తీయండి.

6. వెండి, చీరలు, విగ్రహాలు, వీణ

పూజ వెండి, కంచాలు, చెంబులు తూకం లెక్కే. ముద్ర లేనివాటికి 925 స్వచ్ఛత అనుకోవద్దు, పరీక్షించాలి. కుందుల అడుగున మైనమో సీసమో నింపి ఉండొచ్చు. పట్టుచీరలకు రెండోచేతి విలువ తక్కువ. అసలు వెండి జరీ ఉన్న పాతవి మాత్రం విడిగా చూపించండి.

పంచలోహ విగ్రహం పాతదనిపిస్తే ఆసియా కళలు చూసే వేలంశాలకు ఫొటోలు పంపండి. ఇండియా 1972 పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన విగ్రహాలను దేశం దాటనివ్వదు. అది ఎప్పుడు, ఎలా వచ్చిందో కాగితం లేకపోతే పేరున్న వేలంశాలలు ముట్టుకోవు, దాంతో మార్కెట్ విలువా పడిపోతుంది.

పాత వీణ మీద దంతపు పని ఉంటే 2018 ఐవరీ చట్టం గుర్తుంచుకోండి. వారసత్వంగా తీసుకోవచ్చు, మామూలుగా అమ్మకూడదు. 1975కు ముందు తయారై, దంతం 20 శాతం లోపున్న వాద్యాలను నమోదు చేయించుకుంటే అమ్మే వీలుంది.

7. కారు

అదే మోడల్, అదే సంవత్సరం, అన్నే మైళ్లు తిరిగినది ప్రైవేటుగా ఎంతకు అమ్ముడవుతుందో చూడండి, డీలరు షోరూం ధర వద్దు. ఫారంలో రిజిస్ట్రేషన్ నంబరు, మైలేజీ, స్థితి అడుగుతారు. పీసీపీ ఫైనాన్స్ (నెలవారీ వాయిదాల ఒప్పందం) మీదున్న కారు ఫైనాన్స్ కంపెనీది. సొంతంగా కొనుక్కున్న ఫ్యాన్సీ నంబరు ప్లేటుంటే దానికి విడిగా విలువ కట్టాలి. చాలామంది దీన్ని మరచిపోతారు.

8. ఇండియాలో ఉన్నవి

2025 ఏప్రిల్ 6 నుంచి నియమం మారింది. మరణానికి ముందు 20 పన్ను సంవత్సరాల్లో కనీసం 10 ఏళ్లు యూకే రెసిడెంటుగా ఉన్నవారికి ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తయినా లెక్కలోకి వస్తుంది. విజయవాడ లాకర్లోని బంగారం, హైదరాబాద్ ఫ్లాటు, ఊళ్లో పొలం అన్నీ. రిటైరై ఇండియా వెళ్లిపోయినా, ఉన్న కాలాన్ని బట్టి 3 నుంచి 10 ఏళ్ల దాకా ఈ లెక్క వెంట వస్తుంది. చనిపోయినవారి డొమిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత స్వదేశం) ఇండియాదే అని చెప్పగలిగిన పరిస్థితి ఉంటే, 1956 నాటి భారత్–బ్రిటన్ ఎస్టేట్ డ్యూటీ (మరణానంతరం ఆస్తిమీద పన్ను) ఒప్పందం గురించి పన్ను లాయరును తప్పక అడగండి. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది కాబట్టి అక్కడ కట్టిన పన్ను తగ్గించుకునే ప్రసక్తి లేదు.

ఇండియా స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పత్రం తెచ్చి పెడితే చాలదు. అది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టిన అంకె, అసలు పలికే ధర వేరుగా ఉంటుంది. స్థానిక రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత మరణం నాటి తేదీకి నివేదిక రాయించండి. రూపాయలను కూడా ఆ రోజు మారకం రేటుకే పౌండ్లలోకి మార్చండి. ఇవన్నీ ఐహెచ్‌టీ 417లో చూపాలి.

ఇంకొకటి. విదేశాల్లోని ఆస్తి లక్ష పౌండ్లు దాటితే, పన్ను సున్నా అయినా ఐహెచ్‌టీ 400 అనే పూర్తి పన్ను ఫారం నింపాల్సిందే. హైదరాబాద్‌లో ఒక్క ఫ్లాటున్నా ఈ గీత దాటిపోవచ్చు.

9. వాల్యుయర్‌ను పెట్టుకునేటప్పుడు

నగలకు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ జ్యువెలర్స్ కింద ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిజిస్టర్డ్ వాల్యుయర్స్ సభ్యుడు, మిగతా వస్తువులకు ఆర్‌ఐసీఎస్ (చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ) సభ్యుడు లేదా వేలంశాల. ఫోనులోనే మూడు అడగండి: దక్షిణ భారత నగలు చూసిన అనుభవం ఉందా, ఫీజు గంటకా వస్తువుకా, నివేదికలో ఏ తేదీ, ఏ ఆధారం రాస్తారు. వస్తువు విలువలో శాతం ఫీజుగా అడిగేవాళ్లను వదిలేయండి. తానే కొంటానని ముందుకొచ్చే దుకాణదారు చెప్పిన ధర ఒక్కటే ఆధారంగా పెట్టుకోకండి. "ప్రొబేట్ కోసం, 160వ సెక్షన్ ప్రకారం, ఫలానా తేదీకి బహిరంగ మార్కెట్ విలువ" అన్న మాటలు నివేదికలో ఉండాలి. అవి లేకపోతే మళ్లీ రాయించుకోండి.

10. ఫారాలు, గడువులు

పన్ను కట్టాల్సి ఉంటే ఐహెచ్‌టీ 400కు తోడుగా 407 వెళ్తుంది. సామాను ఛారిటీకి ఇస్తే ఐహెచ్‌టీ 408 జత చేసి, సంస్థ ఇచ్చిన రసీదు దాచండి, ఆ విలువమీద పన్ను ఉండదు. మార్చి 10న మరణం అనుకుంటే పన్నుకు గడువు సెప్టెంబరు 30, ఆపైన వడ్డీ. ఫారానికి గడువు మరుసటి ఏడాది మార్చి 31. ఇంటిమీద పన్నును పదేళ్ల వాయిదాల్లో కట్టొచ్చు, నగలు, సామాను మీద పన్నుకు ఆ వీలు లేదు. పన్ను కట్టే రెఫరెన్స్ నంబరు కోసం కనీసం మూడు వారాల ముందు అడగాలి. ప్రొబేట్ రాకముందే పోయినవారి ఖాతా నుంచి పన్ను కట్టాలంటే ఐహెచ్‌టీ 423 నింపి బ్యాంకుకు ఇవ్వండి.

11. పంపేముందు సరిచూసుకోండి

- ఇన్సూరెన్స్ జాబితాలో ఉన్న ప్రతి నగా మీ జాబితాలో ఉందా? లేకపోతే ఎవరికి, ఎప్పుడు వెళ్లిందో రాశారా? హెచ్‌ఎంఆర్‌సీ మొదట పోల్చేది వీటినే.
- ఈ మధ్యే అమ్మిన వస్తువుంటే అమ్మిన మొత్తం ధర పెట్టారా? బంధువులకు అమ్మితే ఆ సంగతి చెప్పారా?
- అన్ని విలువలూ ఒకే తేదీకి ఉన్నాయా?
- ఉమ్మడి వస్తువులకు సగం, సొంతవాటికి పూర్తి విలువ పడిందా?
- అశ్రద్ధగా తక్కువ చూపితే తగ్గిన పన్నుమీద 30 శాతం వరకు, కావాలని చేస్తే 70, దాచిపెడితే 100 శాతం వరకు జరిమానా పడుతుందని సంతకం పెట్టే ప్రతి ఎగ్జిక్యూటరుకూ తెలుసా?

కావాలని తక్కువ చూపినా లాభం తక్కువే. ప్రొబేట్ విలువే రేపు ఆ వస్తువు అమ్మినప్పుడు కొన్న ధరగా నిలుస్తుంది. ఒక నగను 6 వేల పౌండ్లకు మించి అమ్మితే, పెరిగిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ పడవచ్చు.

కాగితాలు పారేయకండి. పన్ను కట్టిన తర్వాత 20 ఏళ్ల దాకా అడిగే అధికారం హెచ్‌ఎంఆర్‌సీకి ఉంది. మొదట పోయినవారి విషయంలో పన్ను లేకపోయినా ఆ ఫైలు భద్రంగా ఉంచండి, రెండోవారు పోయినప్పుడు మిగిలిన పరిమితిని చూపించడానికి అదే ఆధారం. తర్వాతెప్పుడో ఇండియాలో మరో లాకరు తాళం దొరికితే, లోపలున్నదానికి ఇదే పద్ధతిలో మరణం నాటి విలువ కట్టి, సీ4 ఫారంతో లెక్కను సరిదిద్దండి. వాళ్లు అడగకముందే మీరు చెబితే జరిమానా బాగా తగ్గుతుంది.